ప్రకాశరావు గారి జ్ఞాపకార్థం

"గిటార్లకి హాలు ఇవ్వకూడదని కమిటీ తీర్మానం చేసేసిందండీ. నా చేతుల్లో ఏం లేదు," అంటూ ప్రేమ్ కుమార్ రిజిస్టరు మూసేశాడు.

ఇస్సాకు మాస్టారు కుర్చీలోంచి కదల్లేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి ముమ్మిడివరం నుంచి రెండు ఆటోలు మారి అమలాపురం వచ్చింది, లేదనిపించుకుని పోవడానికి కాదు. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం ఈ చర్చి హాల్లోనే వాళ్ళ సంఘం కూడేది. అరవైల్లో రేడియోలో వచ్చిన గిటారు పాటలంటే వాళ్ళకి ప్రాణం. వాటిలో గాయకుడుండడు, మాటలుండవు, తీగలే మోగుతాయి. పాత రికార్డులు వినడం, చేతనైనవాళ్ళు వాయించడం, టీ తాగి ఇళ్ళకి పోవడం, ఇంతే వాళ్ళు చేసే ఘనకార్యం. ఒకప్పుడు నలభై మంది ఉండేవారు. ఇప్పుడు పదకొండుమంది మిగిలారు.

ప్రేమ్ కుమార్ రాజమండ్రి నుంచి వచ్చి హాలు బాధ్యత తీసుకుని ఆర్నెల్లే అయింది. గిటారంటే డ్యాన్సు, డ్యాన్సంటే లోకం, లోకమంటే పాపం అని అతని లెక్క. మాటలే లేని పాటలో పాపం ఎక్కడుంటుందని మాస్టారు అడిగితే, మాటల్లేవు కాబట్టే దేవుడి పేరూ లేదని జవాబిచ్చాడు. దానికి మాస్టారికి ఒళ్ళు మండింది. ఎవరింట్లోనైనా పెట్టుకోండని అతను ఉచిత సలహా కూడా పారేసేసరికి ఇంకా మండింది.

ఇంట్లో పెట్టుకుంటే ఆ పదకొండుమందే వింటారు. హాలు బస్టాండు పక్కన ఉంది. కిటికీలు తెరిచి పెడితే బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తొంగిచూస్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే లిడియా అలా తొంగిచూసి లోపలికి వచ్చిన మనిషే. ఇవాళ అందరికంటే బాగా వాయిస్తోంది. ఆ కిటికీలు మూతపడితే కొత్తవాళ్ళు రారు. కొత్తవాళ్ళు రాకపోతే ఆ పాటలు తమతోపాటే మట్టిలో కలిసిపోతాయి. మాస్టారి భయమంతా అదే. ఆ భయమే ఆయన్ని మొండివాణ్ణి చేసింది.

"సరేనండీ. అయితే జ్ఞాపకార్థ కూడికకి రాసుకోండి," అన్నారు.

ప్రేమ్ కుమార్ మూసిన రిజిస్టరు మళ్ళీ తెరిచాడు. పోయినవారి జ్ఞాపకార్థం కూడుకుంటామంటే హాలు కాదనకూడదు. ఈ కమిటీలు పుట్టకముందు నుంచీ ఉన్న ఆనవాయితీ అది. ఆ రోజు వారికి ఇష్టమైన పాటలు పెట్టుకుంటారు. అవేం పాటలని ఎవరూ అడగరు.

"ఎవరి జ్ఞాపకార్థమండీ?"

"ప్రకాశరావు గారి జ్ఞాపకార్థం. కపిలేశ్వరపురం. మా సంఘం పెట్టింది ఆయనేనండీ."

"అయ్యో. ఎప్పుడు పోయేరండీ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. తుడిచి తుడిచి ఎంతకీ తల ఎత్తకపోయేసరికి ప్రేమ్ కుమార్‌కి ఎందుకడిగానా అనిపించింది. తేదీ గడి ఖాళీగా వదిలేసి పేరు రాసుకున్నాడు. అంతా దేవుడి చిత్తమండీ అన్నాడు మెల్లగా.

"ఆయ్," అన్నారు మాస్టారు.

మాస్టారు మెట్లు దిగి ఆటో ఎక్కారు. నలభై ఏళ్ళు పిల్లలకి నీతులు చెప్పిన మనిషికి ఇలాంటి ఎత్తులు కొత్త. కానీ ఇది ప్రకాశరావు గారు చెప్పిన మాటే. కిందటి నెల గోదావరి గట్టున కూర్చున్నప్పుడు ఆయనే అన్నారు: "హాలు ఇవ్వకపోతే నా పేరు వాడుకో ఇస్సాకూ. ఆ పాటలు మాత్రం ఆగకూడదు."

శనివారం హాలు ముందు ప్రకాశరావు గారి పేరుతో ఫ్లెక్సీ వెలిసింది. అందులో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు గిటారు పట్టుకుని లోకాన్ని లెక్కచెయ్యనట్టు నవ్వుతున్నాడు. సంఘం వాళ్ళు పదకొండుమందీ తెల్లబట్టల్లో వచ్చారు. వాళ్ళలో ఒక బక్కపల్చటి పెద్దాయన చొక్కా చేతులు మడిచి, మూల బల్ల దగ్గర రికార్డులు మార్చే పని అందుకున్నారు. మాస్టారు కిటికీలన్నీ బార్లా తెరిపించారు.

లిడియా లేచి, ప్రకాశరావు గారు వేలు పట్టుకుని నేర్పకపోతే తనకి ఈ తీగలే తెలిసేవి కావని చెప్పింది. తర్వాత గిటారు తీసుకుంది. బస్టాండులోంచి ముందు ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు, వెనకే ఒక కండక్టరు, ఆ వెనక కొబ్బరికాయల మూట భుజాన వేసుకున్న మనిషి. అరగంటలో కుర్చీలు చాల్లేదు. మాస్టారికి ఆ జనాన్ని చూస్తే ఏడుపూ గర్వమూ కలిసి వచ్చాయి.

ప్రేమ్ కుమార్ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తప్పు పట్టుకుందామనే. మూడో పాటకి కట్టుకున్న చేతులు విడిపోయాయి. అయిదో పాటకి జేబురుమాలు బయటికి తీశాడు. కూడిక అయ్యాక రిజిస్టరు పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"నాకు తెలీక అన్నానండీ. మాటల్లేకపోయినా అది ప్రార్థనలాగే ఉంది. ఏడాది పొడుగునా రెండో శనివారాలు ప్రకాశరావు గారి పేరునే రాసేసేను. కమిటీకి నేను చెప్పుకుంటాను. నేను రాసింది కొట్టెయ్యడం ఉండదండీ."

మాస్టారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. ప్రేమ్ కుమార్ అంతటితో ఊరుకోలేదు. మూల బల్ల దగ్గర రికార్డులు సర్దుకుంటున్న పెద్దాయన కళ్ళు కూడా తడిగా ఉండడం చూసి, ఓదారుద్దామని అటు నడిచాడు. మాస్టారు గట్టిగా దగ్గారు. ఎవరూ పట్టించుకోలేదు.

"ప్రకాశరావు గారికి మీరేమవుతారండీ?" అని అడిగాడు ప్రేమ్ కుమార్.

"నేనేనండీ," అన్నారాయన.