డేటా చూపించు

...అసలు ప్రశ్నే తప్పైతే జవాబు ఎంత కచ్చితంగా ఉంటే మాత్రం ఏం లాభం? వారం నుంచి సిరి బుర్రలో ఇదే తిరుగుతోంది. ఎవరు మానేస్తారు అన్నది చంద్రమౌళి ప్రశ్న. ఎందుకు మానేస్తున్నారు అన్నది ఆమెది.

అనకాపల్లి మెయిన్ రోడ్డులో మూడంతస్తుల బట్టల షాపు ఆయనది. సేల్స్ గర్ల్స్ చేరినట్టే చేరి వెళ్ళిపోతున్నారు. ఆ లెక్కేదో కంప్యూటర్లో తేల్చమని సిరిని పెట్టుకున్నాడు.

"శ్రావణమాసం రద్దీలో చెయ్యిచ్చేవోళ్ళు ఎవరో ముందే సెప్పు. ఆళ్ళు మానేలోగా మనమే తీసేద్దాం."

మానేసేలా ఉన్నవాళ్ళ లెక్కలో మొదటి పేరు పట్టుచీరల కౌంటర్ గంగాభవానిది. ఆమె ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

సిరి అమ్మాయిలందరినీ అడిగింది. అందరిదీ ఒకటే మాట. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా, బేరం ఉన్నా లేకపోయినా, నిలబడే ఉండాలి.

ఆ మాట చెబితే చంద్రమౌళి నవ్వాడు.

"షాపు నాది. అడిగితే నన్నడగాలి గానీ ఆళ్ళనేటి అడుగుతావు? నిలబడ్డం కూడా ఓ ప్రాబ్లమేనేటమ్మా? డేటా సూపించు, నమ్ముతాను."

చెవికెక్కని మాటకు వేరే దారి వెతకాలి. సిరి ఈరోజు మీటింగు పెట్టింది. పైఅంతస్తు గదిలో చంద్రమౌళి, ఆయన బావమరిదీ మేనేజరూ అయిన త్రినాధరావు, ఫ్లోర్ ఇన్‌చార్జి ధనరాజ్.

స్లైడ్లు తాపీగా తిప్పింది. సబ్బవరం నుంచి వచ్చేవాళ్ళు, కోటపాడు నుంచి వచ్చేవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు. లోపల భయమూ మొండితనమూ పెనుగులాడుతున్నాయి. ఉద్యోగం పోతే పోనీ. ఆ పేరు మాత్రం తన నోటినుంచి రాదు.

ధనరాజ్ గోడకు చేరగిలబడ్డాడు. కాసేపటికి ఫోనొచ్చిందంటూ బయటికెళ్ళాడు. ఫోను మోగినట్టు సిరికి వినబడలేదు.

"సరుకు దిగినట్టుంది, సూసొత్తాను బావా," అని త్రినాధరావూ జారుకున్నాడు.

ఇద్దరిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

చంద్రమౌళి రెండు చేతులూ టేబుల్ మీద ఆనించాడు. "ఏటి ఈళ్ళు? గంటసేపు ఓపిక పట్టలేరా?"

"ఎందుకెళ్ళిపోయారంటారు, సార్?"

"నాకేటి తెలుసు! నువ్వు బేగి ఆ పేర్లు సెప్పెయ్. నేనూ ఎల్లాలి."

"మీరు కూడానా సార్?"

సిరి ల్యాప్‌టాప్ మూసేసింది.

చెదల మందు కొట్టించానని చెప్పి ఈ గదిలోని కుర్చీలన్నిటినీ పొద్దున్నే పక్కగదిలోకి చేర్చి తాను వేసిన తాళం తీసి, గంట నుంచీ నిలబడే ఉన్న చంద్రమౌళి ముందు నుంచే ఒక కుర్చీని మోసుకెళ్ళి, కింద గంగాభవాని కౌంటర్ వెనక వేసింది.