చెవిలో చెప్పిన దారి

"మీరు మీ గమ్యస్థానానికి చేరుకున్నారు," అని వంశీ చెవిలో ఫోన్ మ్యాప్ ఆడగొంతు తీయగా చెప్పింది. ఆమె కోసం ఆగిన పాట వెంటనే మళ్లీ అందుకుంది.

వంశీ బండి ఆపి చూశాడు. ఎదురుగా పాలకేంద్రం లేదు. ఒక రేకుల పంచ, నల్లటి నీళ్ల తొట్టి, గుంజకు వేలాడే పాత టైర్లు ఉన్నాయి. రేకు మీద తెల్లరంగుతో 'భారతి పంక్చర్ షాపు' అని రాసి ఉంది. చుట్టూ ముళ్ల చిల్లచెట్లు. వాటి సందున ఎవరో చచ్చిన కుక్కను పడేసినట్టున్నారు, కంపు కొడుతోంది. అది చాలదన్నట్టు బండి వెనక టైరు నేలకు అంటుకుపోయింది.

"ఛీ" అన్నాడు వంశీ.

పంచలోంచి యాభై ఏళ్ల మనిషి లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. "ఇంటర్వ్యూకేనా నాయనా?"

"నీకెట్ల తెలుసు మామా?"

"నీకు ముందు ఇద్దరు వచ్చినారు గదా. ఒకడు తిట్టుకుంటా ఇంటికే మళ్లినాడు. ఇంకొకడు అదిగో, ఆ బండి ఈడనే పెట్టి ఆటో కోసం నడిచిపోయినాడు. ఈ దోవలో ఆటో ఏడ దొరుకుతాది?"

తొమ్మిదిన్నర అయింది. పదిలోపు పాలకేంద్రం రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఉన్నది ఒక్కటే ఉద్యోగం, కంప్యూటర్ ఆపరేటర్. అది రాకపోతే సోమవారం మళ్లీ హైదరాబాదు గోడౌనుకు పోవాలి. ఒక్క గదిలో ఎనిమిది మంది, ఒకడు లేచిన దిండు మీద వాడి చెమట ఆరకముందే ఇంకొకడు పడుకోవడం. వంశీ బండికి స్టాండు వేశాడు.

"తొందరగా వేయి మామా. తర్లుపాడు నుంచి రెండు గంటలు తోలుకొచ్చినా."

"వేస్తాలే. ముందు ఆ చెవుల్లో బిరడాలు పీకు. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతాది." ఆయన చక్రం విప్పుతూనే అడిగాడు. "దోవలో ఎవర్నన్నా అడిగినావా?"

"మ్యాప్ ఉంది గదా అని..."

అంటూ ఉండగానే వంశీకి గుర్తొచ్చింది. రాచర్ల రోడ్డు వదిలి మట్టిబాటలోకి తిరిగేచోట మేకలు కాసే ముసలామె కర్ర ఎత్తి ఏదో అరిచింది. లిఫ్ట్ అడుగుతోందనుకున్నాడు. పాట మంచి ఊపులో ఉంది. చెయ్యి ఊపి వచ్చేశాడు.

"ఆమె రోశమ్మ," అన్నాడు ఆయన. "రోజూ ఆడనే ఉంటాది. కొత్త పాలకేంద్రం ఏడుందో ఆమె మేకలకు కూడా తెలుసు. మీరు మనిషిని అడగరు. మనిషి పిలిచినా వినరు. థూ, ఏం చదువులో."

ఆ మాట వంశీకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. చెవుల్లోవి పీకి జేబులో వేసుకున్నాడు.

"అయినా మ్యాప్‌లో పాలకేంద్రం గుర్తు తెచ్చి ఈడ పెట్టిన వెధవ ఎవడో!" అన్నాడు వంశీ.

"ఎవరో చదువుకున్నోళ్లే పెట్టుంటారు. వారం నుంచి ఇట్లే ఉంది. నాకు ఈ బటన్ల ఫోనే ఎక్కువ."

ఆయన ట్యూబును తొట్టిలో ముంచాడు. బుడగలు వచ్చిన చోట ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ పూసి, ఊదుతూ ఆరబెట్టి ప్యాచ్ అంటించాడు. మళ్లీ ముంచాడు. ఇంకోచోట బుడగలు. అది అయ్యాక మూడోచోట. టైరు లోపల చెయ్యి పెట్టి మూడు తుమ్మముళ్లు లాగి వంశీ అరచేతిలో పెట్టాడు.

"గొర్రెలోళ్లు కంప నరికి దోవలో పడేస్తా ఉంటారు," అన్నాడు.

"పది కావస్తోంది మామా."

"తొందరపడితే ప్యాచ్ నిలబడదు నాయనా. మధ్యలో మళ్లీ గాలి పోతే నీ గతేంది?"

"ఎవరన్నా లిఫ్ట్ ఇచ్చేవాళ్లు వస్తారేమో చూడకూడదూ."

ఆయన లేచి, కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని బాట చివరిదాకా చూశాడు. "ఇంకెవరూ రారులే," అని కూర్చున్నాడు.

చక్రం బిగించేసరికి పది దాటి పది నిమిషాలయింది. వంశీ డబ్బులు తీయబోతే ఆయన చెయ్యి పట్టుకొని ఆపాడు.

"వద్దు నాయనా. నీ దగ్గర తీసుకుంటే నాకు అరగదు."

కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి ఇచ్చాడు. రోశమ్మ ఉన్నచోటికి తిరిగిపోయి కుడివైపు అర కిలోమీటరు పోతే నీలం గేటు అని చేత్తో చూపించి చెప్పాడు. ఆ కంపులో, ఆ ముళ్లలో ఒక్క మంచిమనిషన్నా తగిలాడని వంశీకి కళ్లు చెమర్చాయి.

పాలకేంద్రం మేనేజరు విజయలక్ష్మి గోడ గడియారం వైపు చూపించింది. "టైం అయిపోయింది బాబూ. నలుగురికి లెటర్లు పంపినాం. పదిలోపు వచ్చింది ఒక్కరే. ఆర్డరు చేతికిచ్చి పంపించినాం."

"తప్పు నాదే మేడం. పిలిచి చెప్పబోయిన మనిషిని వినకుండా పాటలు వింటూ వచ్చినా." వంశీ జేబులోంచి ఇయర్‌బడ్స్ తీసి చెత్తబుట్టలో పడేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. "పంక్చర్ షాపాయన పుణ్యమా అని ఇంతదూరమన్నా వచ్చినా. రూపాయి కూడా తీసుకోలేదు."

ఆమెకు జాలివేసినట్టుంది. "అంత దూరం నుంచి వచ్చినావు. ఆలస్యంగా వచ్చినట్టు టైం వేసి సంతకం పెట్టిపో. ఇంకో పోస్టు పడితే పిలుస్తాం."

రిజిస్టరు అతని వైపు తిప్పింది. నాలుగు గడుల్లో ఒక్కటే నిండి ఉంది. తొమ్మిదింటికి పెట్టిన సంతకం, పక్కన గుండ్రటి అక్షరాలతో వివరాలు. తన గడి ఎక్కడో వెతుకుతూ వంశీ ఆ వరుస చదివాడు.

'భారతి, తండ్రి చెన్నయ్య, పంక్చర్ షాపు.'