తెల్ల తొండం

బువాఖంకి అన్నిటికన్నా పెద్ద భయం, నాలుగేళ్ల కూతురు ఫాయ్ పెరట్లో లమ్యాయ్ పండ్ల చెట్టెక్కి కింద పడుతుందని.

వారం రోజులుగా ఆ భయం రెట్టింపయింది. చియాంగ్‌మాయ్ నుంచి వచ్చిన పురుగుల పంతులు ఆచాన్ వితూన్ పక్కింటి కేవ్ పెద్దమ్మ దగ్గర దిగి, రోజూ ఆ చెట్టుకే నిచ్చెన వేస్తున్నాడు. బెరడు మీద వాలి రసం పీల్చే తొండం పురుగుల మీద ఆయన పరిశోధన.

"ఎర్ర తొండందీ తెల్ల తొండందీ ఒకటే జాతి అంటారు," పొద్దున ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ ఫాయ్‌కి చెప్పాడు. "నేను వేరంటాను. తెల్లది ఒక్కటి చేతికి చిక్కాలి. చిన్న చప్పుడైనా పక్కకి దూకి మాయమైపోతుంది. దాన్ని చూశానంటే ఇక నేను నోరు విప్పను."

"పిల్లకి ఇవన్నీ చెప్పకండి ఆచాన్, చెట్టెక్కుతుంది," అంది బువాఖం.

"మరీ అంత భయమేంటమ్మా? ఈ రోజుతో సరి. సాయంత్రం బండికి వెళ్లిపోతాను."

మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి ఫాయ్ నిచ్చెన రెండో మెట్టు మీద ఉంది. పిల్లని చంకనేసుకుని, నిచ్చెనని ఈడ్చుకెళ్లి కర్రల మీద నిలబెట్టిన ఇంటికింద స్తంభానికి గొలుసుతో కట్టి తాళం వేసింది. అప్పటికిగాని ఆమెకి ఊపిరాడలేదు.

పొద్దు వాలింది. పెరట్లో చెట్టు మీంచి ఎవరో గుసగుసగా పిలిచారు.

"బువాఖం..."

ఆమె పలకబోయి నోరు నొక్కుకుంది. మునిమాపువేళ కనబడని గొంతు పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. ఆ సంగతి ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు.

పిల్లనెత్తుకుని పక్కింటికి పరుగెత్తింది. "పెద్దమ్మా, చెట్టు మీద దయ్యం."

"ఆడదా, మగదా?" తాపీగా అడిగింది కేవ్ పెద్దమ్మ.

"మగ గొంతే."

"అయితే ఆకలి దయ్యం. ఆడదైతేనే పిల్లల జోలికొస్తుంది."

"దగ్గింది కూడా."

"దగ్గిందా? అది ముసలిదే. ఆ జాతి వేరు."

"దాని కళ్లు మెరుస్తున్నాయి," అంది ఫాయ్.

పెద్దమ్మ మొహంలో తాపీతనం పోయింది. జిగురన్నం ముద్దా, గొట్టం వేసిన ఎర్ర సోడా సీసా పట్టుకొచ్చి, తల పైకెత్తకుండా చెట్టు మొదట్లో దయ్యానికి నైవేద్యంగా పెట్టింది.

"బువాఖం, దయచేసి..." అంది పైనుంచి గొంతు.

"చూశావా, ఎంత మర్యాదో," పెద్దమ్మ గొణిగింది. "ఇలాంటివే ప్రమాదం."

"ఆచాన్ ఉంటే తోడైనా ఉండేవాడు."

"ఆయనెప్పుడో బండెక్కి ఉంటాడు. వండిన కూర ముట్టలేదు, వెళ్తున్నానని ఒక మాటైనా లేదు. పట్నం వాళ్ల తీరే అంత. భిక్షువుగారు వచ్చి మంత్రజలం చల్లేది ఎల్లుండి. అందాకా మా చెల్లెలింట్లో ఉందాం పద."

పెద్దమ్మ మోటారు సైకిల్ తీసింది. బువాఖం వెనక ఎక్కి, పిల్లని ఒళ్లో గట్టిగా అదుముకుంది. బండి కదిలేసరికి చెట్టు మీంచి పెద్ద అరుపు వినబడింది. ఆ చప్పుడుకి తెల్ల తొండం పురుగొకటి పక్కకి దూకి మాయమైంది.

మీలో ఎవరైనా అటు వెళ్తే, నిచ్చెన పట్టుకెళ్లి ఆచాన్‌గారు ఎలా ఉన్నారో చూసి రండి.