మడుగు మీద కొత్త పాట

అడవి నడుమ ఉన్న మడుగుకు కొంగే పెద్ద. ఏటా వానలు వెలిశాక ఒక పాటగాణ్ణి పిలిపించి, మద్దిచెట్టు తొర్రలో ఉంచి మేత పెట్టేది. తిరిగి వెళ్ళేలోగా మడుగు మీద కొత్త పాట కట్టి వినిపించాలి. అదొక్కటే షరతు.

ఆ ఏడు గోరింక వచ్చింది. మొదటి సాయంత్రమే కప్పలు గొంతెత్తాయి. గోరింక చాలాసేపు విని, "ఈ గోలలో పాట కుదరదు కొంగగారూ," అంది.

కొంగ కప్పలన్నిటినీ రాళ్ళగుట్టకు తోలేసింది. "అతిథి వెళ్ళాక వద్దురుగాని," అంది.

గుట్ట మీద నీళ్ళు లేవు. కొన్ని కప్పలు ఎండిపోయాయి. కొన్ని నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి తిరిగి రాలేదు. ఒక ముసలికప్ప మిగిలింది.

నెల తిరిగింది. అడవంతా మడుగు చుట్టూ చేరింది. గోరింక పాట ఎత్తుకుంది. అచ్చం కప్పల పాటే! కొంగ కళ్ళు చెమర్చాయి.

ఆ పాట గుట్ట దాకా వినిపించింది. వెళ్ళినవాళ్ళు మడుగు చేరి తనను పిలుస్తున్నారనుకుంది ముసలికప్ప. పడుతూ లేస్తూ వచ్చి, ఉన్న కాస్త గొంతుతో బదులు పలికింది.

అందరూ చిరాగ్గా వెనక్కి తిరిగి చూశారు.

కొంగ వంగి మెల్లగా చెప్పింది. "గోల చెయ్యకు. కప్పల పాట వింటున్నాం."