కంపులో కంపు

స్టూరె పులియబెట్టిన చేపల ఉబ్బిన డబ్బాను నీళ్ళ బకెట్లో ముంచి పొడిచాడు. బుస్సుమంది. పెరడంతా కుళ్ళిన గుడ్లూ పులిసిన కుడితీ కలిసిన కంపు. పక్కింటి కుక్క తోక ముడిచి పోయింది.

ఆగస్టు వచ్చిందంటే స్వీడన్ ఉత్తర తీరంలో ప్రతి పెరట్లోనూ ఇదే. పల్చని రొట్టె మీద వెన్న, బంగాళాదుంప, ఉల్లిపాయ, పైన బూడిదరంగు చేప. స్టూరె కొరికితే రసం గడ్డం మీదికి కారింది.

గున్వోర్ నోట్లో నీళ్ళూరాయి. మరిది నోటి మీంచి చూపు తప్పించి, ఎదురుగా కూర్చున్న కూతురు తూవాను చూసింది. తూవా నెమ్మదిగా నములుతోంది.

"ఆరేళ్ళయింది. ఇంకా ఆ మాత్రలేనా వదినా ఈ ఇంట్లో?" స్టూరె మూతి తుడుచుకున్నాడు. "కడుపు పగిలేట్టు తినడం, వేలు పెట్టి కక్కడం. దానికో పేరు, బులీమియా! మా గొడ్లకి కూడా ఇన్నాళ్ళు మందు పట్టలేదు."

"పోయినేడు ఆపి చూశాంగా. మంచు కరిగేలోగా స్నానాలగది తూము పూడింది. తవ్వింది నువ్వే," అంది గున్వోర్.

"తినేటప్పుడు అది ఎత్తకు తల్లీ, నీకు దణ్ణం!"

"ఈసారి మొదలైతే ఆస్పత్రిలో పడెయ్యడమే అన్నాడు డాక్టరు," అంది తూవా, తలెత్తకుండా.

ఇంట్లో కట్టుబాటు ఒకటుంది. భోజనం కాగానే స్నానాలగదికి గంటసేపు తాళం. అప్పుడు మాత్ర. మింగాక నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపాలి.

ఇవాళ మాత్రం ఎవరు కక్కినా ఎవరూ అడగరు. ఈ కంపులో ఆ కంపు కలిసిపోతుంది. ఆ సంగతి తట్టి గున్వోర్ తలెత్తింది. తూవా కుర్చీ ఖాళీ.

గబగబా ఇంట్లోకి నడిచింది. మేకుకి తాళంచెవి లేదు. స్నానాలగది తలుపు మూసి ఉంది. లోపల కుళాయి జోరుగా పారుతోంది. కుళాయి ఎందుకు తిప్పుతారో ఆవిడకు బాగా తెలుసు. తలుపు బాదింది.

"తూవా! తలుపు తియ్యి!"

"ఆగమ్మా."

"తియ్యవే! తొందరగా!"

కుళాయి ఆగింది. తూవా తడిచేతులు వాసన చూసుకుంటూ బయటికొచ్చింది. "ఎంత రుద్దినా పోదు, పాడు చేప." తలుపుకి తాళం వేసి, చెవి జేబులో వేసుకుంది. గ్లాసులో నీళ్ళు పోసి, మాత్ర తీసి బల్ల మీద పెట్టింది.

గున్వోర్ తాళం వేసిన తలుపు వైపు ఒక్కసారి చూసి, మాత్ర మింగి, నోరు తెరిచి, కూతురికి నాలుక ఎత్తి చూపించింది.