కుడికి ఒరిగే బోటు

బోటు మళ్లీ కుడికి ఒరిగింది.

"ఏమండోయ్, ఇటు లేచిపోతోంది!" అని మీనా కెవ్వున అరిచింది. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆమె స్నేహితురాలు ఉషా "రామ రామ" అనుకుంది. స్టీరింగ్ దగ్గర మీనా మొగుడు రాధాకృష్ణకి ముచ్చెమటలు పోశాయి. కుడిపక్క నీళ్లు డెక్ అంచుదాకా వచ్చేశాయి.

"అన్నా, మునుగుతమా ఏంది?" అన్నాడు అతని భుజం పక్కనే నిలబడ్డ ఆఫీసు కుర్రాడు సాత్విక్.

"నోర్మూసుకోరా!" అని రాధాకృష్ణ బోటుని లేక్ ఒడ్డునున్న ఇంటికేసి తిప్పేశాడు. అమెరికాలో వాళ్లుండే ఈ చలి ఊరు నోవైలో ఎండ కాసేదే నాలుగు ఆదివారాలు. అందులో ఇదీ పాడైపోయింది.

బోటంటే పెద్ద ఓడేం కాదు. రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద డెక్, డెక్‌కి రెండు వైపులా సోఫాలు. స్టీరింగ్ కుడిపక్క. పాంటూన్ అంటారు దాన్ని. పక్కింటి ముసలాయన డెన్నిస్ దగ్గర మే నెలలో కొన్నాడు. ఒక్కడే తీసుకెళ్తే బోటు మహా బుద్ధిమంతురాలు. నలుగురూ ఎక్కారో, ఇదిగో ఇదీ వరస.

రాధాకృష్ణకి నిద్ర పట్టడం మానేసింది. కార్ల కంపెనీలో సస్పెన్షన్ డిజైన్ చేసే మనిషి. మలుపులో ఏ కారు ఎంత ఒరుగుతుందో కాగితం మీద లెక్క కట్టి చెప్తాడు. సొంత బోటు ఎందుకు ఒరుగుతోందో చెప్పలేకపోతే ఆఫీసులో తలెత్తుకునేదెలా?

ఆ వారమంతా ఆఫీసు నుంచి రావడం, బూట్లు విప్పకుండానే బోటు దగ్గరికి పరిగెత్తడం. దాన్ని ట్రెయిలర్ మీదికెక్కించి గొట్టాల వెనక బిరడాలు విప్పాడు. ఎక్కడైనా చిల్లి ఉంటే లోపల చేరిన నీళ్లు బుడబుడా కారాలి. చుక్క రాలేదు. గొట్టాల్లోకి గాలి కొట్టి, అతుకుల మీద సబ్బునురగ రాసి చూశాడు, సైకిల్ ట్యూబుకి పంక్చర్ వెతికినట్టు. ఒక్క బుడగైనా లేవలేదు. దొరికిన బోల్టునల్లా బిగించాడు. బోటుని నీళ్లలోకి దింపి డెక్ మీద రసమట్టం పెట్టాడు. అందులో బుడగ సరిగ్గా నడిమధ్య నిలబడి అతన్ని వెక్కిరించింది. కడుపుమండి బ్యాటరీనీ పెట్రోలు ట్యాంకునీ ఎడమపక్కకి మార్చి పారేశాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నారట," అంది మీనా టీ అందిస్తూ. "తోలడం రాక బోటు ఓడంటున్నారేమో."

"నాకు తోలడం రాదా? ఆ డెన్నిస్సే లోపం దాచి మనకి అంటగట్టాడు!"

"మెల్లిగా! వింటాడాయన."

"విననీ!"

విన్నాడు. కంచె అవతల గులాబీలకి నీళ్లు పెడుతున్న డెన్నిస్‌కి తెలుగు రాదు గానీ, తన పేరూ ఆ గొంతులో కోపమూ తెలియకుండా పోతాయా? రాధాకృష్ణ అంతటితో ఆగితే బాగుండేది. విసవిసా కంచె దగ్గరికెళ్లి, ఈసారి ఇంగ్లీషులోనే, "నువ్వు నన్ను మోసం చేశావు" అనేశాడు.

ముసలాయన కొళాయి కట్టేశాడు. "ఇన్నేళ్లు తోలాను. నా బోటు ఒరగదు," అని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

మర్నాడు కూతురు హంసిక అన్నం ముందు మొహం ముడుచుకుని కూర్చుంది. పదేళ్ల పిల్ల. దానికి గాలం వెయ్యడం నేర్పింది డెన్నిస్సే.

"డాడీ, మిస్టర్ డెన్నిస్ నాకు వేవ్ చెయ్యలేదు. నువ్వు సారీ చెప్పు ఆయనకి."

"తప్పు నాదైతే చెప్తా. ఆదివారం ఆయన్నే ఎక్కించి చూపిస్తా, తప్పెవరిదో!"

"ఈసారీ ఒరిగిందా, నన్నూ పిల్లనీ ఇక ఎక్కమనకండి," అని మీనా తేల్చేసింది.

చూపిస్తానని అన్నాడే గానీ రాధాకృష్ణకి కుదురు లేదు. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి చలికాలం, అడక్కుండానే తమ వాకిట్లో మంచు ఎత్తిపోసిన మనిషి డెన్నిస్. అలాంటివాణ్ణి మోసగాడన్నాడు. లోపం బోటులో లేదని తేలితే ఆ ముసలాయన మొహం ఎలా చూడాలి? అంచేత లోపం ఉండి తీరాలి. ఒరగాలి దేవుడా, ఒరగాలి అని మొక్కుకున్నాడు.

ఆదివారం కబురు పంపితే డెన్నిస్ వచ్చాడు. పలకరింపు లేదు. ఎప్పుడూ వచ్చేవాళ్లే వచ్చారు. ఉషా, ఆమె భర్త సత్యం, గోపాల్, వాళ్లావిడ, సాత్విక్, ఇంకో ఆఫీసు కుర్రాడు. ఎక్కీ ఎక్కగానే రాధాకృష్ణ చెవి పక్కన గ్రీన్‌కార్డు గోల మొదలైంది. ఉషా కొత్త పట్టుచీర సంగతేదో చెప్తోంది గానీ, మోటారు చప్పుడులో అతనికి ఒక్క ముక్కా వినబడలేదు. డెన్నిస్ మాత్రం కూర్చోకుండా డెక్ మధ్యలో గుంజ పట్టుకుని నిలబడ్డాడు. హంసిక వెళ్లి ఆయన్ని ఆనుకుంది.

లేక్ మధ్యకి వచ్చేసరికి బోటు కుడికి ఒరిగింది.

రాధాకృష్ణ గుండె గంతేసింది, భయంతో కాదు, సంతోషంతో. "చూశావా! ఇప్పుడేమంటావ్?" అని అరిచాడు.

డెన్నిస్ గొట్టాల వైపు చూడలేదు. మోటారు వైపూ చూడలేదు. కుడిపక్క సోఫాకేసి చూశాడు. ఎడమపక్క సోఫాకేసి చూశాడు. వంగి హంసిక చెవిలో ఏదో అడిగాడు.

పిల్ల కిసుక్కున నవ్వింది.

"ఏంటే? ఏమంటాడు?"

"డాడీ, అంకుల్స్ అందరూ ఒక సైడు, ఆంటీలందరూ ఒక సైడే కూర్చోవాలని మనకి రూల్ ఏమైనా ఉందా అని అడుగుతున్నారు."