స్లాబు కింద మంచం

"ఇడువు పెద్దబాపూ, ఊపిరి ఆడుతలేదు!"

వీరేశం విడవలేదు. రావల్కోల్‌లో కట్టుకున్న కొత్తింటి పడకగది గోడకే, ఆ ఇల్లు కట్టిన మేస్త్రి శ్రీశైలాన్ని అదిమి గొంతు పిసుకుతున్నాడు. రిటైరయ్యేదాకా ఆర్టీసీ డిపోలో బస్సుల నట్లు బిగించిన చేతులవి.

నిన్న ఇదే గదిలో స్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడింది. భార్య బాలమణి చెయ్యి విరిగింది.

"వానకు గట్లయింది. పిలగాన్ని సంపుతవా ఏందయ్యా?" బాలమణి రెండో చేత్తో మొగుణ్ణి వెనక్కి లాగింది. శ్రీశైలాన్ని కుదిర్చింది ఆమే. పొద్దుటి నుంచి వెనకేసుకొస్తున్నదీ ఆమే.

శ్రీశైలం కూలబడి దగ్గాడు. "ఊడింది పైపెచ్చే పెద్దమ్మా. స్లాబు ఉక్కు లెక్కుంది. పరేషాన్ గాకుర్రి."

"ఇన్నవా?" అంది మొగుడితో. శ్రీశైలం పెదవి మీది రక్తం కొంగుతో తుడిచింది. "లే బిడ్డా. గా మంచం మీద జరసేపు ఒరుగు. చాయ్ తెస్త."

శ్రీశైలం లేచి మంచం దాకా వెళ్ళాడు. తలెత్తి పైకి చూశాడు. గోడవారగా వెనక్కి జరిగాడు.

"వద్దు పెద్దమ్మా. బయట కూసుంట."

బాలమణి అతని మొహంలోకి చూసింది.

"నీకు ఎరికేనా?"

శ్రీశైలం తల దించుకున్నాడు.

చెంప పగిలేలా కొట్టింది. కింద పడ్డా ఆగలేదు, కాలితో తన్నింది. చివరికి వీరేశమే ఆమెను పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఎండలో నిలబడి ఆమె ఇంటి వైపు చెయ్యి చూపింది.

"తెల్సి తెల్సి మనల్ని దాని కింద పండవెట్టిండయ్యా."